నిండిన కడుపు, పండని కడుపు

ఎదకొచ్చిన మా కుక్క గేటు దూకి ఊరంతా షికారు చేసి వచ్చింది. నెల తిరిగేసరికి దాని పొట్ట గుండ్రంగా తేలింది. పక్కింటి కన్నడ అవ్వ చేత్తో తడిమి చూసి, "కడుపే" అని తేల్చేసింది. కడుపుతో ఉన్నది ఎవరైనా సరే, మా గల్లీలో నోరు ఖాళీగా ఉంచరు. ఇంటింటి నుంచీ జొన్నరొట్టెలు, నెయ్యన్నం వచ్చాయి. పొట్ట ఇంకా పెరిగింది, దాంతో మా నమ్మకమూ పెరిగింది. మా ఆవిడ పుట్టని పిల్లల్ని అప్పుడే పంచడం మొదలుపెట్టింది. మొదటిది కల్హేర్‌లో ఉన్న వాళ్ళక్కకు.

పశువుల డాక్టరు స్కానింగ్ చేసి, "పిల్లల్లేవు, అంతా కొవ్వే" అన్నాడు. దాని కడుపు నిండిందే గానీ పండలేదన్నమాట. "పొట్ట చూసి చెప్పుడైతే, మీకు గూడ స్కానింగ్ చెయ్యాలె సారూ" అన్నాడు. నేను పొట్ట లోపలికి లాక్కున్నాను.

మా ఆవిడ మొహం చిన్నబోయింది. "అయితే ఈసారి మంచి జోడు చూద్దాం" అంది.

"ఏడాది నిండలే, గిదే ఇంక పిల్ల. రేపు ఈనినా, ఒకటి మీ అక్క తీస్కుంటది. మిగిలినయి బస్టాండ్ల పడాల్నా?" అన్నాను నేను.

ఆమె దాని తల నిమురుతూ, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడు చేస్తారని డాక్టరును అడిగింది. బయటికొచ్చాక అక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, పిల్లల్లేవు. ఇగ ముందుగూడ ఉండవు, ఆపరేషన్ చేపిస్తున్నం."

"అగో, నేను గొలుసు గూడ కొన్న గదనే."

"బావకు కట్టు. ఇంటిపట్టున ఉంటడు."