డొల్ల రాయి కింద క్యారియర్

క్యారియర్ మూత తీయగానే ఊరిబిండి వాసన గదంతా పరుచుకుంది. వేయించిన చెనిక్కాయలు, ఎండుమిరప, కాస్త వెల్లుల్లి. తిరుపతిలో, నా ఆఫీసులో, ఫ్యాను కింద కూర్చున్నా సరే, ఈ వాసన వెంట నా ముక్కుకు తడిరాతి వాసన కూడా తగులుతుంది. పక్కన రెడ్డెప్ప సార్ సంగటి ముద్ద చిదుపుతున్నట్టే ఉంటుంది.

ఆయన పలమనేరు మనిషి. గనుల భద్రత మీద పరిశోధన చేసే మా బృందానికి పెద్ద. భూమి లోపల గాలి ఆడుతోందా, పేలుడు పొగ పోయిందా, పైన రాయి నిలుస్తుందా అని తేల్చి చెప్పడం మా పని. ఆయనకొక నియమం ఉండేది. ఏ చోటు క్షేమమని రాస్తామో ఆ చోటే కూర్చుని మధ్యాహ్నం అన్నం తినాలి. సంతకం ఆ తర్వాతే.

నేను చేరిన కొత్తలో ఒక సొరంగంలో గాలి కొలిచి, బాగుందన్నాను. ఆయన వెంటనే క్యారియర్ విప్పారు.

"ఈడనా సార్? నేను సదివింది ఇంజనీరింగు, వనభోజనాలు కాదు."

"బాగుండాది అన్నింది నువ్వే గదమ్మా. పనోళ్లు పొద్దంతా ఈ గాలే పీల్సాల. ఒక ముద్ద మింగేదాకా నువ్వు పీల్సలేవా?"

మాట పడి ఊరుకునే రకాన్ని కాను. కానీ అప్పటికే ఆయనిచ్చిన ముద్ద నా నోట్లో ఉంది. నా నోరు మూయించింది ఆయనొక్కరే. ఆ కిటుకేమిటో మా ఆయన ఇప్పటికీ అడుగుతుంటాడు.

కొన్నేళ్లకు, రాష్ట్ర సరిహద్దు దాపుల ఒక బంగారు గనిలో ఆగిపోయిన పనిని మళ్లీ మొదలుపెట్టవచ్చో లేదో చెప్పమంటే, సారూ నేనూ వెళ్లాం. పైరాయి జరిగితే చూపే గేజీలో ముల్లు కదల్లేదు. మేనేజరు అప్పుడే పనివాళ్లను సొరంగం మొదట్లో వరుసగా నిలబెట్టేశాడు. నేను ఇనుప కడ్డీతో పైరాయిని తట్టుకుంటూ నడిచాను, కుండ కొనేముందు తట్టి చూస్తామే, అట్లా. గేజీ దగ్గర ఖంగుమంది. కాస్త అవతల డొల్లగా పలికింది.

"ఈడ పొర విడిపోయింది. మనుషుల్ని పంపొద్దు."

మేనేజరు నవ్వాడు. "ఏంది మేడం, గేజీ బాగుండాదంటే మీ చెవి కాదంటాదా?"

"గేజీ దాన్ని బిగించిన చోటు సంగతే చెప్తాది. మీ ఇంట్లో దీపం పెడితే ఎదురింట్లో ఎలుగొస్తాదా?"

"సార్, మీరన్నా చెప్పండి. మీ మేడం వట్టి తగువులమారి."

రెడ్డెప్ప సార్ కూడా ఆ డొల్ల చప్పుడు విన్నారు. తన క్యారియర్ తెచ్చి మేనేజరు చేతిలో పెట్టారు.

"తగువులమారే అప్పా. అందుకే పిల్సుకోనొచ్చినా. నువ్వు ఆ రాయి కింద కూసోని ఇది తినేసి రా. ఆ తర్వాత పనోళ్లను పంపిద్దాం."

మేనేజరు పైకి చూశాడు. క్యారియర్ వంక చూశాడు. "సల్లారిపోతాది, తినండి సార్," అని పనివాళ్లలోంచి ఎవరో అన్నారు. మేనేజరు తినలేదు. అందరినీ వెనక్కి పంపేశాడు.

మర్నాడు ఆ పొర విరిగి పడింది. దాని కింద నలిగింది నేను వదిలేసి వచ్చిన కడ్డీ ఒక్కటే. అక్కడ పనిచేయవలసిన వాళ్లంతా పైన ఎండలో టీ తాగుతున్నారు. నాకు గెంతాలనిపించింది. గెంతాను.

"ఇంకెవురన్నా తగువులమారి అంటే, ఔనని సెప్పు," అన్నారు సార్.

సార్ పోయాక ఆయన కుర్చీ నాకు వచ్చింది. నియమమూ నాతోనే వచ్చింది. ఇవాళ నేను మూత తీశానో లేదో, కొత్తగా చేరిన పిల్ల ఒక గని నివేదిక తెచ్చి, "అంతా క్షేమమే మేడం, సంతకం పెట్టండి," అంది. నేను పెన్ను తీయలేదు. క్యారియర్ మూత మళ్లీ బిగించి లేచాను.

"పద. నీ అన్నం కూడా తెచ్చుకో."