గడ్డం దించని ఇంటివాళ్లు

"గడ్డం దించయ్యా, షేక్ లెక్క సూడకు," అన్నాను. "దించితే నువ్వు కనవడవు గదనే," అన్నాడు మా ఆయన. అవే మా ఆఖరి మాటలు. ఖతార్‌లోనే మెసయీద్‌లో డ్యూటీకి పోయినవాడు ఆ మధ్యాహ్నమే ముద్ద గొంతుకు అడ్డంపడి పోయాడు.

అత్తింట్లో మగవాళ్లంతా యాభై దాటగానే తల వెనక్కి వంచి చూసేవాళ్లు. పొగరనుకునేదాన్ని. రెప్పలు వాలిపోయి, పోనుపోను ముద్ద కూడా మింగుడుపడని కండరాల జబ్బట. అది ఇంటిపేరుతో వస్తుందని, పెళ్లయిన ఆడపిల్లలకు అంటదని మా అత్త నమ్మకం. ఆయన మేనత్త కూడా అలాగే చూస్తుంటే మెడనొప్పి అన్నారు.

దోహాలో తెలుగు డాక్టరమ్మ నవ్వింది. "జబ్బుకు ఇంటిపేరుతో పనేంటమ్మా? తల్లికున్నా తండ్రికున్నా, ఆడైనా మగైనా, ప్రతి బిడ్డకూ సగం అవకాశం."

నేను చెబుతుంటే రాస్తున్నది, నన్ను తన క్వార్టర్‌లో ఉంచుకున్న ఆయన చెల్లెలే. మొన్ననే యాభై నిండాయి. "నా ఇంటిపేరు మారింది గద వదినె, నాకేం గాదు," అంటూ రక్తపరీక్ష వాయిదా వేస్తోంది. ఈ ముక్క రాయనంది. రాయించాను.

ఇక కలం పక్కన పెట్టు పిల్లా. గడ్డం దించి, మొదటినుంచి చదివి వినిపించు. నేను నిన్నే చూస్తుంటా.