తీతువు లెక్క

నేను గణితంలో పరిశోధన చేసే రోజుల్లో మా యూనివర్సిటీలో శనివారం మధ్యాహ్నాలు ఒక చర్చా బృందం కూడేది. జీవశాస్త్రం వాళ్లు నలుగురు, లెక్కల వాళ్లం ముగ్గురం, మమ్మల్ని నడిపించే మేడమ్. పురుగులు, పక్షులు, రోగాలు ఎట్లా పెరుగుతాయో ఎట్లా తగ్గుతాయో సమీకరణాల్లో రాసి, బోర్డు దగ్గర వాదించుకునేవాళ్లం.

నా వంతుకు మా ఊరు తిరుమణిలోని తీతువు పిట్టల్ని తీసుకున్నాను. అవి బయలు నేల మీద, రాళ్ల మధ్య గుడ్లు పెడతాయి. మా బయళ్లన్నీ ఇప్పుడు సోలార్ ప్లేట్ల కింద ఉన్నాయి. మా తాత ఒకప్పుడు అక్కడే గొర్రెలు మేపేవాడు. ఇప్పుడు ప్లేట్ల సందుల్లో గడ్డి కోసే పనికి పోతున్నాడు. అక్కడి వాళ్లను అడిగి కంచె స్తంభాలకు చిన్న రికార్డర్లు కట్టాను. ఏడాది పాటు వారం వారం అరుపులు కంప్యూటర్‌తో లెక్కపెట్టించి గీత గీశాను.

ఆ గీత బోర్డు మీద వేసినప్పుడు ముందు అందరూ సంతోషపడ్డారు. పిట్టలు తగ్గలేదు! అప్పుడు పక్షుల మీద పనిచేసే అమ్మాయి లేచి వచ్చి, గీత మీద వేలు పెట్టి చివరిదాకా నడిపింది.

"గుడ్లు పెట్టే కాలంలో అరుపులు పెరగాలి కదా? పెరగలేదు. తర్వాత తగ్గనూ లేదు. పుట్టుక లేదు, చావు లేదు. ఏ ప్రాణి ఇట్లా ఉంటుంది?"

నాకు ఒళ్లు జలదరించింది. "ఊరికి పోయి చూసి రా" అంది మేడమ్.

సోమవారం మిట్టమధ్యాహ్నం ఆ వరసల మధ్య నడిచాను. ఎటు చూసినా ఒకే వరస మళ్లీ మళ్లీ ఉన్నట్టుంది. మిషన్ల గది నుంచి సన్నటి రొద. ఇంతలో తీతువు అరిచింది. అటు పోతే పక్క సందులోంచి అరిచింది. వంగి చూస్తే ప్లేటు నీడలో మా తాత, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని.

"నువ్వా తాతా?"

"నేనే పాపా. ఏందట్ల బెదురుకున్నావు?" అని దగ్గాడు. అరిచిన ప్రతిసారీ చివర్లో ఆయనకు దగ్గు వస్తుంది.

"ఎందుకు అరుస్తాండావు?"

"గొర్లు మేపేటప్పుడు నేను పిలిస్తే ఈ పిట్టలు పలుకుతా ఉండె. ఇప్పుడూ పలుకుతాయేమోనని దినామూ పిలుస్తా. తీతువు అరిస్తే కీడంటారు గానీ, అరవకుంటేనే నాకు బయమైతాది."

నవ్వొచ్చింది. ఏడాదంతా నేను సమీకరణాల్లో పెట్టింది మా తాత గొంతును.

ఆ సాయంత్రం ఆయన చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టి రికార్డింగులు వినిపించాను. "ఇది నేనే. ఇదీ నేనే" అంటుంటే లెక్కలోంచి కొట్టేస్తూ పోయాను. ఒకచోట మళ్లీ వేయమన్నాడు.

"ఇది ఏ దినం?"

చెప్పాను.

"ఆ పొద్దు నేను ఈడ లేను పాపా. మీ అవ్వను పిలుచుకోని పావగడ ఆస్పత్రికి పోయింటి."

ఇయర్‌ఫోన్లు తీసుకుని నేనే విన్నాను. అరుపు, వెనకే దగ్గు. చిన్నప్పటినుంచీ విన్న దగ్గే. అట్లాంటివి ఇంకో నాలుగు దొరికాయి, అన్నీ ఆయన ఊళ్లో లేని రోజులవే. రికార్డరు గడియారం తప్పేమోనని మూడుసార్లు చూశాను. సరిగ్గానే ఉంది. తాత ఇంకేమీ వినలేదు. బయటికి పోయి కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చాడు.

బృందంలో అంతా ఉన్నదున్నట్టు చెప్పాను. తాత అరుపులు తీసేస్తే గీత నేలకు పడిపోయింది. మిగిలిన ఆ ఐదింటినీ ఎక్కడ వేయాలో ఎవరికీ తెలియలేదు. మళ్లీ రికార్డర్లు పెట్టమన్నారు. తాతను అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"వద్దు పాపా. ఆడ ఏదో నా గొంతు నేర్చుకున్యాది. మనం ఇంగ కదిలించొద్దు."

నేనూ పట్టుబట్టలేదు. నిడుగల్లు వైపు వేరుశనగ తెగులు మీదకు నా పని మార్చుకున్నాను. తాత ఇప్పటికీ గడ్డి కోయడానికి పోతాడు. పిలవడం మాత్రం మానేశాడు. గేటు దాటకముందే ఫోన్లో పాటలు గట్టిగా పెట్టుకుంటాడు.