సంత వేయాల్సిన మార్కులు

నిన్న క్లాసులో ఒకమ్మాయి చేనేత గుడ్డ మూట విప్పగానే గదంతా ఆముదం వాసన. మా బస్తర్ నేతగాళ్లు తొగరు వేరుతో ఎర్రరంగు వేసే ముందు నూలుకు ఆముదం పట్టిస్తారు. ఎన్నిసార్లు ఉతికినా ఆ వాసన ఓ పట్టాన వదలదు. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. నాకు మాత్రం, ఎప్పుడూ ఆ నేత చీరలే కట్టే సుగుణ మేడం వచ్చి పక్కన నిలబడినట్టే అనిపించి, చెప్తున్న పాఠం మధ్యలోనే ఆగిపోయింది.

ఇక్కడే, జగదల్‌పూర్‌లో, నాకు ఫ్యాషన్ డిజైన్ నేర్పింది ఆమే. కొంటాలో పుట్టిన తెలుగావిడ. తెలుగు, హిందీ, హల్బీ కలగలిపి తిట్టేవారు, మెచ్చుకునేవారు కూడా. ఆమె పద్ధతే వేరు. మొదటిసారి కుట్టిన బట్టను మేమే వేసుకుని ఆదివారం సంతలో సాయంత్రం దాకా తిరగాలి. గొంతుక్కూర్చుని బేరమాడాలి, గంప నెత్తికెత్తుకోవాలి, జీపెక్కి దిగాలి. ఆ తర్వాతే మార్కులు. నేను పత్రికలో బొమ్మ చూసి, ఒంటికి అతుక్కునేలా కుర్తా కుట్టుకుని మహారాణిలా బయల్దేరాను. చింతపండు బేరానికి కూర్చున్నానో లేదో, పక్క కుట్టు పర్రుమంది. సంత సంతంతా నవ్వింది. మేడం నవ్వలేదు. తన చున్నీ నా నడుముకు చుట్టారు.

"ఏడవకు రాధా. అద్దం ముందల నిలబడేటందుకు కుట్టినవ్. ఇప్పుడు కూసునేటందుకు కుట్టు" అన్నారు.

రెండో ఏడు బాపు, అదే మా నాన్న, వచ్చాడు. భోపాల్‌పట్నంలో మాది బట్టల దుకాణం.

"బట్టలమ్మే ఇంట్ల పుట్టి మిషన్ తొక్కుడేంది మేడం? పిల్లను తీస్కపోత. దుకాణంల కూసుంటది" అన్నాడు.

ఇక చదువు అయిపోయినట్టే అనుకున్నాను. మేడం వాదన పెట్టుకోలేదు. బాపు కోసం నేను కుట్టి దాచిన చొక్కా తెప్పించి ఆయన చేతిలో పెట్టారు.

"ఇది తొడుక్కొని ఒక్క దినం తానులు దించుండ్రి, ఎత్తుండ్రి. యాడన్న పట్టేస్తే ఫోన్ జెయ్యండ్రి. పిల్లను నేనే బస్సెక్కిస్త."

మర్నాడంతా నాకు అన్నం సయించలేదు. సాయంత్రం ఫోన్ మోగింది. "ఏంది రాధా, గీ ఒక్కటేనా? ఇంకోటి కుట్టి పంపు" అన్నాడు బాపు. తీసుకుపోయే మాట మళ్లీ ఎత్తలేదు.

చదువయ్యాక రాయ్‌పూర్‌లో కొన్నాళ్లు ఉద్యోగం చేశాను. మేడం రమ్మంటేనే ఇక్కడికి పాఠాలు చెప్పడానికి వచ్చాను. అప్పటికే రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషనై ఆమె కుడి చెయ్యి పైకి లేవడం లేదు. రవికె తొడుక్కోవడానికి ఒకరి సాయం కావాలి. అది ఆమెకు చచ్చేంత నామోషీ. అందుకే భుజం దగ్గర విచ్చుకునేలా, ఎడమ చేత్తోనే ముడివేసుకునేలా ఆ ఆముదం వాసన గుడ్డతో ఒక రవికె కుట్టి ఇచ్చాను. ఆమె చాలాసేపు తడిమి చూశారు.

"కుట్టు మంచిగుంది. గని మార్కులు ఇప్పుడే ఎట్ల ఏస్త? ఆదివారం సంతకు పోదాం" అన్నారు.

శుక్రవారమే కన్నుమూశారు.

ఇప్పుడు పిల్లలను సంతకు నేనే తీసుకెళ్తున్నాను. కూర్చోమంటాను, గంప ఎత్తమంటాను, ఎవరి కుట్టు విడిపోయినా నా చున్నీ ఇస్తాను. ఆమె ఒక్కసారీ తొడుక్కోని ఆ రవికె నాకే తిరిగొచ్చింది, నా సంచిలోనే ఉంటుంది. పిల్లలు కుట్టినవాటికి మార్కులు వేయగలను గానీ దానికి వేయడం నా వల్ల కాదు. ఆమె దాన్ని తొడుక్కుని, ఎడమ చేత్తో ముడివేసుకుంటుంటే ఒక్కసారి చూడాలని ఉంది.