తెరుచుకోని డిక్కీతో సూరత్ నుంచి నాసిక్‌కి

సూరత్ నుంచి నాసిక్‌కి కారులో వెళ్ళాలనుకునేవాళ్ళు దారి ఎలా ఉంటుందని అడుగుతుంటారు. దారి మంచిదే. పల్సానా దగ్గర హైవే ఎక్కి, చిఖలీ దగ్గర తూర్పుకు తిరిగి, వాంసదా, వఘయీ మీదుగా సాపుతారా ఘాట్ ఎక్కి దిగితే, ఆరు గంటల్లో గోదావరి ఒడ్డున ఉంటారు. పోయిన వర్షాకాలం చివర్లో నేను వెళ్ళింది మాత్రం ఊరు చూడ్డానికి కాదు. మా బ్యాంకు ఎదురుగా ఇడ్లీ బండి నడిపే లచ్చవ్వ భర్త అస్థికలు కలపడానికి. ఆయన పేరు రాజేశం. సూరత్‌లోనే గోడాదరా పేటలో మరమగ్గాల మీద రాత్రి షిఫ్టు చేసి, నిద్రైనా పోకుండా వచ్చి బండి దగ్గర ప్లేట్లు అందించేవాడు. నేను సూరత్‌కి బదిలీ అయిన నాటి నుంచీ నా పొద్దుటి టిఫిను ఆయన చేతిమీదుగానే. ఒకరోజు షిఫ్టు మధ్యలో మగ్గం పక్కనే కూలిపోయాడు.

తాపీ నది ఊళ్ళోనే ఉంది కదా, అక్కడే కలపొచ్చు కదా అన్నాను. లచ్చవ్వ ఒప్పుకోలేదు. "నాసిక్ల కలిపితే ఆ నీళ్ళు మా ధర్మపురి ముంగట్నుంచే పోతయి మేడమ్. ఆయనకు ఊరికి పోవాల్నని మస్తు ఉండె. గిట్లనన్న పోతడు" అంది. ఆ మాట విన్నాక నేను కారు తీయకుండా ఎలా ఉంటాను?

అస్థికలు ఇంట్లోకి తేకూడదు. వాళ్ళ ఊళ్ళో అయితే చెట్టుకు కట్టి ఉంచుతారట. గోడాదరాలో వాళ్ళ గల్లీలో చెట్టెక్కడిది? మెట్ల కింద పెట్టుకుంటామన్నా ఇంటి ఓనరు వద్దన్నాడు. అందుకని ముందురోజు సాయంత్రం అస్థికలున్న మట్టికుండను ఎర్రగుడ్డలో మూటగట్టి, నా కారు డిక్కీలో ఒక సంచీకి ఆనించి పెట్టాం. దారిలో ఒళ్ళో పెట్టుకుంటానంది లచ్చవ్వ. తీరా పొద్దున చూస్తే కారు స్టార్ట్ కాలేదు. బ్యాటరీ అయిపోయింది.

పక్కింటాయన తన కారు నుంచి కేబుళ్ళు తగిలించి స్టార్ట్ చేసిపెట్టాడు. ఇంజన్ ఆపకుండా గోడాదరా వెళ్ళి, లచ్చవ్వనీ ఆమె కూతురు సునీతనీ ఎక్కించుకుని, ఖటోదరాలో పొద్దున్నే తెరిచే ఒక బ్యాటరీ షాపుకు తీసుకెళ్ళాను. కుండ సంగతి ఎత్తొద్దని ఇద్దరికీ చెప్పాను. తెలిస్తే షాపువాడు కారు ముట్టుకోడేమోనని నా భయం. అతను హడావిడిగా కొత్త బ్యాటరీ బిగిస్తుంటే పానా ఎక్కడో తగిలి చిటపటమని నిప్పురవ్వలు లేచాయి. ఏం కాలేదన్నాడు. గడియారం పన్నెండు దగ్గర ఆగింది. పాటల సిస్టమ్ నేనెప్పుడూ వినని ఏదో కోడ్ అడిగింది. ఎడమవైపు వెనక కిటికీ అద్దం సగంలో నిలబడిపోయింది. కొత్త బ్యాటరీకి ఇవన్నీ మామూలేననీ, కొంత దూరం నడిస్తే కారు దానంతటదే సర్దుకుంటుందనీ అన్నాడు. నమ్మాను. బ్యాంకులో అందరి సంతకాలనూ అనుమానించే మనిషిని, ఆ మాటను ఎందుకు నమ్మానో ఇప్పటికీ నా మీద నాకే మంట.

పల్సానాలో టీ కోసం ఆగి, కుండ తీద్దామని డిక్కీ స్విచ్ నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు. ఈ కారు డిక్కీకి తాళం పెట్టే రంధ్రం ఉండదు, వెనక సీటు మడవడానికి రాదు. చుట్టుపక్కల మెకానిక్ షాపులింకా తెరవలేదు. ఖటోదరాకి ఫోన్ చేస్తే మళ్ళీ అదే పాట. వెనక్కి వెళ్దామా అని అడిగాను.

"వద్దు మేడమ్" అంది లచ్చవ్వ. "ఒకపాలి బయలెల్లినంక ఆయన్ని మళ్ళ వాపస్ తేవద్దు."

వఘయీ దాటాక వాన మొదలైంది. మూతపడని అద్దానికి సునీత తన చున్నీ అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఘాట్‌లో మొదటి మలుపు తిరగ్గానే వెనక ఏదో దొర్లి, డిక్కీ గోడకు తగిలింది. తర్వాతి మలుపులో ఇటువైపు తగిలింది. పాటలు పెట్టి ఆ చప్పుడు వినపడకుండా చేద్దామన్నా సిస్టమ్ కోడ్ అడుగుతూనే ఉంది. ఎంత నెమ్మదిగా నడిపినా మలుపులు మలుపులే.

"ఏంది మేడమ్ ఆ సప్పుడు?"

"సంచీ అయ్యుంటుంది."

 సాపుతారాకి ముందే ఆ చప్పుడు ఆగిపోయింది. ఆగిపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మధ్యాహ్నం నాసిక్ చేరాం. పంచవటిలో పార్కింగ్ పక్కనే ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దొరికాడు. డిక్కీ తెరుచుకోవడం లేదనగానే మా ముగ్గురి మొహాలు చూసి, లోపల అస్థికలున్నాయా అని హిందీలో నేరుగా అడిగాడు. అవునన్నాను. చెప్పులు విడిచి పనిలో కూర్చున్నాడు. అక్కడికి అలాంటి కార్లు రోజూ వస్తాయట. చిన్న ఫ్యూజు కాలిపోయింది, అంతే. మార్చగానే డిక్కీ టక్కున తెరుచుకుంది.

కుండ ముక్కలైంది. మూట విడిపోయి, బూడిద స్టెప్నీ గుంటదాకా చిందింది. లచ్చవ్వ ఏడవలేదు. వంగి రెండు చేతులతో తన కొంగులోకి ఎత్తుకుంది. ఎముకలన్నీ దొరికాయి. గ్రీజుకీ తడికీ అంటుకున్న బూడిద మాత్రం ఎంత గీకినా రాలేదు. సునీత దొరికినంతవరకూ నదిలో కలిపింది. అది చాలదని లచ్చవ్వ క్యానులో గోదావరి నీళ్ళు పట్టుకొచ్చి డిక్కీలో పోసింది. స్టెప్నీ కింది రంధ్రంలోంచి ఆ నీళ్ళు నల్లగా పార్కింగ్ సిమెంటు మీదికి కారాయి.

"గీ నీళ్ళు ఎటు పోతయి మేడమ్?"

"నదిలోకే" అన్నాను. అవి పోతున్నది పక్కనున్న మురుగు జాలీలోకి.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. బ్యాటరీ మార్చాక గడియారం, కోడ్ లాంటివి పోవడం మామూలే, మళ్ళీ పెట్టుకోవచ్చు. కానీ అసలు పలకని స్విచ్ దానంతటది బాగుపడదు. డిక్కీతో సహా ప్రతి స్విచ్చూ నొక్కి చూశాకే షాపు దగ్గర్నుంచి కదలండి. లోపల ఏముందో దాచకండి. నేను చెప్పి ఉంటే ఆ బ్యాటరీ షాపువాడు ఏమనేవాడో నాకెప్పటికీ తెలియదు. లచ్చవ్వ మళ్ళీ బండి పెట్టింది. మొన్న ఇడ్లీ ప్లేటు చేతికిస్తూ మెల్లగా అడిగింది, "ఈపాటికి ఆయన మొత్తం ధర్మపురి చేరిండా మేడమ్?" అని. చేరాడన్నాను. స్టెప్నీ గుంటలో బూడిద మరక ఇంకా పోని నా కారు అక్కడే, బండి ఎదురుగా ఉంది.