ముడి పడని నంబరు

మా ఆఫీసులో పెద్దాయనంటే ఆయనే. ఇరవై రెండేళ్ళుగా ఒక కంటాసుపత్రికి ప్రోగ్రాములు రాస్తున్నాడు. కుర్చీ మారలేదు, హోదా మారలేదు, నడుంనొప్పికి మాత్రం ఏటా ప్రమోషనే. పక్క కుర్చీ నా ఖర్మ కాబట్టి ఆయన నిట్టూర్పులన్నీ నాకే.

ఆ రోజు పాత ప్రోగ్రామును కొత్త ఫ్రేమ్‌వర్క్‌లోకి మారుస్తున్నాం. రోగుల వివరాలుండే పట్టికకీ అపాయింట్‌మెంట్ల పట్టికకీ ముడి వేయబోతే అది మొండికేసింది. రోగి నంబరు ఒకచోట అంకెగా, రెండోచోట అక్షరాలుగా దాచి ఉంది. చూడ్డానికి రెండూ ఒకటే; కంప్యూటరు మాత్రం చుట్టరికం ఒప్పుకోదు.

"ఎవరిదండీ ఈ ఘనకార్యం?" అన్నాను ఒళ్ళు మండి.

"నాదే. తొమ్మిదేళ్ళయింది. ముడి పడకపోతే, పోనీ తర్వాత చూద్దాంలే అని వదిలేశా."

మేనేజరు వచ్చి, "ఇన్నాళ్ళూ నడిచింది కదా, అలాగే ఉండనివ్వండి" అన్నాడు. నాకూ ప్రాణం లేచొచ్చింది. పెద్దాయన వినలేదు. ముడి ఉంటే అపాయింట్‌మెంటున్న రోగి పేజీని ఎవరూ చెరపలేరు. అది లేక, కౌంటర్లో పొరపాటున చెరిపేసినా ఎవరికీ తెలియలేదు. డాక్టరు తెరమీద ఆ మనిషి పేరే రాదు. అలా దిక్కులేకుండా పడి ఉన్న అపాయింట్‌మెంట్లు మూడు వందల పన్నెండు తేలాయి.

ఒక్కొక్కటే చూస్తూ ఆయన ఆగిపోయాడు. ఒకే ఫోన్ నంబరు, వరసగా మూడు రోజులు.

"మా బావది" అన్నాడు.

ఆ టైలరు బావ సంగతి మా అందరికీ తెలుసు. మూడు రోజులు పొద్దస్తమానం ఈ కంటాసుపత్రి బల్లమీదే కూర్చున్నా ఎవరూ పిలవలేదు. విసిగి వెళ్ళడం మానేశాడు. కుడికన్ను పోయింది. అప్పుడు ఈ పెద్దమనిషే వెళ్ళి కౌంటర్లో వాళ్ళని చెడామడా తిట్టి వచ్చాడు.

ఆయన ఫోను తీశాడు.

"ఇప్పుడెందుకండీ? ఆయనకి తెలీదుగా" అన్నాను.

"నాకు తెలిసిందిగా."

అవతల కుట్టుమిషను చప్పుడు నాకూ వినిపిస్తోంది.

"బావా, అప్పుడు నిన్ను పిలవకపోవడం వాళ్ళ తప్పు కాదు. నాది." ఏం జరిగిందో అంతా చెప్పాడు. మిషను ఆగింది.

"నాలాంటోళ్ళు ఇంకా ఉన్నారట్రా అందులో?"

"ఉన్నారు బావా. ఇంకా రెండొందలు చూడాలి."

"అయితే నా దగ్గర ఏడుస్తూ కూర్చుంటావేం? నీ సంగతి తర్వాత తేలుస్తా. ముందు వాళ్ళకి ఫోన్ చెయ్యి."

మిషను మళ్ళీ మొదలైంది. పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుని తర్వాతి నంబరు నొక్కాడు. సగం జాబితా నేను లాక్కున్నాను.