కోత రోజు వేసుకోని మాత్ర

పన్ను పీకించుకుందామని నూజివీడు వెళ్తే బీపీ తగులుకుంది. కొన్నాళ్లుగా తల వెనక బరువుగా ఉంటే, పన్ను పోటే అక్కడికి పాకిందనుకున్నాను. డెంటల్ డాక్టరమ్మ నోరు తెరవమనే ముందు చేతికి పట్టీ చుట్టింది. మిషన్ వైపు చూసి, కాసేపు ఆగి, మళ్లీ చుట్టింది. "ఇప్పుడు పన్ను ముట్టుకోనండి. ముందు ఫిజీషియన్‌కి చూపించుకుని రండి," అంది. పన్ను పన్నులాగే ఉంది, నేను మాత్రం కొత్త జబ్బుతో ఇంటికొచ్చాను.

ఫిజీషియన్ నెమ్మదస్తుడు. వేర్వేరు రోజుల్లో బీపీ చూసి, బ్లడ్ టెస్టు, ఈసీజీ చేయించి, అప్పుడు మాత్ర రాశారు. "ఇందులో డైయూరెటిక్ ఉందమ్మా. ఒంట్లో ఎక్కువైన ఉప్పునీ నీటినీ బయటికి పంపుతుంది. రోజూ పొద్దున్నే వేసుకోండి. బాగానే ఉంది కదా అని మానకండి," అన్నారు. చలికాలమంతా బుద్ధిగా వేసుకున్నాను. బీపీ దిగింది, పన్నూ పోయింది. ఇరుగుపొరుగుకి ఉప్పు తగ్గించమని సలహాలు కూడా మొదలుపెట్టాను.

ఆ మాత్ర పడితే పూటంతా బాత్‌రూముకీ వంటింటికీ మధ్య తిరగడమే. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఇబ్బంది లేదు. వేసవి వచ్చాక మొదలైంది తంటా.

మాకు ఆగిరిపల్లి దగ్గర మామిడితోట ఉంది. బంగినపల్లి, కొంత చిన్న రసాలు. కోత రోజున మా ఆయన చెట్ల కింద ఉంటారు, నేను కుప్ప దగ్గర. గెడకి వల సంచి కట్టిన చిక్కాలతో కోసిన కాయలు తెచ్చి టెంటు కింద పోస్తే, మచ్చ కాయ, దెబ్బ కాయ, చిన్న కాయ ఏరి పక్కన పెట్టి, మిగతావి ట్రేలకెత్తించడం నా పని. నాగమణి, ఇంకొంతమంది కూలి ఆడవాళ్లు నాతో ఉంటారు. నేను కాస్త పక్కకెళ్తే చాలు, కొనేవాళ్ల మనిషి నిక్షేపంలాంటి కాయని రెండో రకంలోకి తోసేస్తాడు. ఏడాది పొడుగునా నా మాటకి ఎదురులేని చోటు అదొక్కటే. అందుకే నాకు అదంటే ప్రాణం.

తోటలో మగవాళ్లకి ప్రతి చెట్టూ చాటే. మాకు ఏ చాటూ లేదు. చుట్టూ కోసేవాళ్లు, మోసేవాళ్లు, లారీ వాళ్లు. అందుకని మా ఆడవాళ్లకి పైకి అనుకోని ఒక పద్ధతి ఉంది. ఇంటి దగ్గరే అన్నీ కానిచ్చుకుని రావడం, సాయంత్రం దాకా గొంతు తడుపుకోవడమే తప్ప నీళ్లు తాగకపోవడం. మా కోసం టెంటు దగ్గర పెట్టించిన కుండ పొద్దుగూకేదాకా నిండుగానే ఉండేది. "మన ఆడవాళ్లకి దాహం తక్కువ," అనేవారు మా ఆయన, మెచ్చుకోలుగా.

మరి ఈ పద్ధతిలో ఆ మాత్ర ఎలా ఇముడుతుంది? నేనే ఉపాయం కనిపెట్టాను. కోత రోజున మాత్ర మానేసి, మర్నాడు ఇంట్లో ఉన్నప్పుడు రెండూ కలిపి వేసుకోవడం. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఒకరోజు అలా రెండూ వేసుకుని కూర్చున్నాక కబురొచ్చింది, లారీ ముందే వచ్చేసింది, కోత మొదలైందని. పరుగున వెళ్లాను. ఎండ మండిపోతోంది, నేను నీళ్లు ముట్టలేదు. ట్రే అందుకుందామని లేచేసరికి టెంటు పక్కకి ఒరిగింది. ఒరిగింది నేనేనట. కళ్లు తెరిచేసరికి నా తల నాగమణి ఒళ్లో ఉంది. "కాయలు నలిగినయ్యా?" అన్నాను.

"కాయల సంగతి నేను చూసుకుంటాలేమ్మా. మీరు లేవమాకండి," అంది నాగమణి.

ఆసుపత్రిలో పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశారు. నిలబడితే బాగా పడిపోతోంది. సోడియం, పొటాషియం తక్కువ. సెలైన్ పెట్టి అడ్మిట్ చేశారు. "మాత్ర చెప్పినట్టే వేసుకుంటున్నారా?" అని అడిగారు ఫిజీషియన్. "ఆ, వేసుకుంటున్నానండి," అన్నాను. పక్కనున్న మా ఆయన, "ఇక తోట మాటెత్తకు. ఈ సీజనంతా ఇంటిపట్టునే ఉండు," అన్నారు. సూది గుచ్చినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"ఏవండీ, కొబ్బరి బోండం తాగాలనుంది," అని ఆయన్ని బయటికి పంపేశాను. గోడ వైపు చూస్తూ డాక్టరు గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నవ్వలేదు.

"ముందే చెప్తే వేరే మాత్ర రాసేవాణ్ణి కదమ్మా. బీపీకి ఉన్నది ఇదొక్కటేనా? ఒకరోజు మర్చిపోతే మర్చిపోయారు, మర్నాడు మామూలుగా ఒక్కటే వేసుకోవాలి. రెండు కలపకూడదు."

"తోటకి వెళ్లొచ్చాండీ?"

"కళ్లు తిరగడం తగ్గి, రిపోర్టులు నార్మల్ అయితే వెళ్లండి. కానీ నీళ్లు తాగాలి. అక్కడ బాత్‌రూము ఉండాలి. మీవారితో మీరు చెప్తారా, నేను చెప్పనా?"

"మీరే చెప్పండి," అన్నాను.

మా ఆయన బోండం పట్టుకుని నిలబడే అంతా విన్నారు. డాక్టరు గారు వెళ్లాక, "ఇన్నేళ్లూ చెప్పలేదేమే?" అన్నారు.

"ఇన్నేళ్లూ మీరడగలేదేమండీ?" అన్నాను. ఆయన బోండంలో స్ట్రా వేసి నా నోటికందించారు.

డైయూరెటిక్ ఆపి వేరే మాత్ర ఇచ్చారు. అది కూడా ఓ పట్టాన కుదరలేదు, కొన్నాళ్లకి పాదాలు వాచాయి. మానేద్దామని మనసు లాగింది. ఈసారి సొంత వైద్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి పాదాలు చూపించాను. డోసు తగ్గించి ఇంకో చిన్న మాత్ర జత చేశారు. వాపు తీసింది, బీపీ నిలబడింది.

ఆ ఏడు రసాల కోతకి నేను తోటలో ఉన్నాను. టెంటు వెనక గ్రీన్ నెట్ చుట్టి, రేకు తలుపు పెట్టి, బకెట్టు నిండా నీళ్లు ఉంచారు మా ఆయన. ఈ ఏడు ఇటుకలతోనే కట్టించారు. నాగమణి దానికి 'బీపీ రూము' అని పేరు పెట్టింది. ఊళ్లో అందరికీ ఆ పేరే ఖాయమైపోయింది, ఏం చేస్తాం.

ఇప్పుడు కోత ఉన్నా లేకున్నా టిఫినప్పుడు మాత్ర వేసుకుంటున్నాను. చెప్పిన గడువుకి బ్లడ్ టెస్టు చేయించుకుంటున్నాను. మీకు చెప్పేది ఒక్కటే. మాత్ర వేసుకోవడానికి ఏదైనా అడ్డొస్తే, అది చెప్పుకోడానికి ఎంత సిగ్గుగా ఉన్నా, మీ అంతట మీరు మానకుండా, రెండు కలపకుండా, ముందు డాక్టరుకి చెప్పండి.

మొన్న కోతలో మధ్యాహ్నం కాకుండానే మా కుండ ఖాళీ అయిపోయింది. మా ఆయన వంగి లోపలికి చూశారు, మా అందరి వంకా చూశారు. బిందె భుజానికెత్తుకుని తనే బోరు దగ్గరికి నడిచారు.